బొంబాయి నూనె రుచి చూసిన మేస్త్రి

మా చెప్పుల ఫ్యాక్టరీలో యంత్రం కంటే మేస్త్రి నాలుకకే విలువ ఎక్కువ. యంత్రం చెడిపోతే బళ్ళారి నుంచి మెకానిక్కు వచ్చేవాడు. నాలుకకు ఏమైనా అయితే ఎవరు రావాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. వచ్చేసరికి వ్యవహారం ఆయన కాలి మీదికి వచ్చింది.

ఇది ఆదోనిలో జరిగిన సంగతి. డెబ్బైల చివర్లో మొదలై ఎనభైల్లో తేలింది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా మనుమరాలు నర్సింగు చదివే పిల్లలకు పాఠం చెబుతుంది. ప్లాస్టిక్కు గురించి, చక్కెర జబ్బు గురించి చెప్పేటప్పుడు ఒకసారి నా మాట ఎత్తిందట. ఆ పిల్లలు నమ్మలేదట. "అవ్వా, నోటితో చెప్తే నేను కల్పించానంటారు, నువ్వే రాసియ్యి" అంది. నాకు నలభై దాటాక గానీ అక్షరం రాలేదు. వయోజన బడిలో పలక పట్టుకున్నప్పుడు నా పక్కన కూర్చున్నామెకు అప్పటికే మనుమలు. కాబట్టి పిల్లల్లారా, నా వాక్యాలు అంచు కోయని చెప్పులా ఉంటే మీరే కోసుకోండి. అంచులు కోసే ఓపిక నాకు అయిపోయింది.

అంచులు కోయడమే అక్కడ నా పని. అచ్చులోంచి వచ్చిన చెప్పుకు చుట్టూ పలచటి తోకలు ఉంటాయి. వాటిని చిన్న కత్తితో గీరి తీసేయాలి. నేను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి, ఆదోనికి కోడలిగా వచ్చాను. ముందు జిన్నింగు మిల్లులో చేశాను. అక్కడ దూది ముక్కులోకి పోయేది. ఇక్కడ వాసన పోయేది. దూది అయితే చీదితే వచ్చేది.

మా సావుకారుకు అంతకుముందు శనగనూనె మిల్లు ఉండేది. అందులో మా మేస్త్రి నూనె రుచి చూసే మనిషి. మీకు తెలియదు గానీ, ఆ రోజుల్లో ఆదోని మిల్లుల్లో ఆ పని చేసేవాళ్ళను పెళ్ళికొడుకుల్లా చూసేవాళ్ళు. గానుగ నుంచి వచ్చిన నూనెను అరచేతిలో వేసుకుని, బొటనవేలితో రుద్ది, వాసన చూసి, నాలుక కొనకు తాకించి, కాయ పాతదో కొత్తదో, తడిసిందో ఎండిందో, వేరే నూనె కలిపారో లేదో చెప్పేసేవాళ్ళు. మా మేస్త్రి చెబితే కొనేవాడు మారు మాట్లాడేవాడు కాదట. ఆయన పొట్టి మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, ఎప్పుడూ ఉతికిన తెల్ల టోపీ. మాట తక్కువ, నవ్వు ఎక్కువ.

సావుకారు మిల్లు అమ్మేసి ప్లాస్టిక్కు చెప్పులు పెట్టినప్పుడు, పాత మనిషిని వదులుకోలేక మేస్త్రిని వెంట తెచ్చాడు. చెప్పుల్లోకి ఏం పోతుందో మాకేం తెలుసు? తెల్ల పొడి, రంగు, ఇనుప పీపాల్లో బొంబాయి నుంచి వచ్చే ఒక నూనె. ఆ నూనె ఎంత పోస్తే చెప్పు అంత మెత్తగా వంగుతుంది. మేం దాన్ని బొంబాయి నూనె అనేవాళ్ళం. మూడింటినీ పెద్ద ఇనుప డోలులో కలిపి, యంత్రంలో కాచి, అచ్చులో పోస్తారు.

పేరులో నూనె ఉంది కదా. చాలదా? మొదటి పీపా మూత తీసిన రోజు సావుకారు పక్కకు తిరిగి, "సూడు మేస్త్రీ, మాలు ఎట్లుండాదో" అన్నాడట. మేస్త్రి అలవాటు కొద్దీ అరచేతిలో చుక్కలు వేసుకుని, రుద్ది, వాసన చూసి, నాలుకకు తాకించి, కళ్ళు మూసుకుని, గోడ వైపు ఉమ్మి, "హూ, పొయ్యండి" అన్నాడట.

ఇక అంతే. ప్రతి పీపాకూ అదే తంతు. డోలు దగ్గరి మగవాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. మేస్త్రి కళ్ళు మూసుకున్నంత సేపూ ఎవరూ దగ్గేవాళ్ళు కూడా కాదు. "హూ" అనగానే అందరికీ ఊపిరి వచ్చేది. ఆయన్ను చూసి డోలు దగ్గరి కుర్రకారు కూడా వేలు ముంచి నాకి, తలలు ఊపడం నేర్చారు. వాళ్ళలో ఒక పొడుగాటి మనిషి ఉండేవాడు, డోలు తిప్పేది ఆయనే. మేస్త్రి కంటే రెండు చుక్కలు ఎక్కువే నాకేవాడు, మేస్త్రి తర్వాత మేస్త్రి తానే అవుతానని.

ఆడవాళ్ళం మేమేం తక్కువ తినలేదు. ఆ నూనె ఎంత కాలమైనా కంపు కొట్టదు, మురిగిపోదు, మెరుస్తుంది. చలికాలంలో పగిలిన మడమలకు రాసుకునేవాళ్ళం. ఒకామె చెల్లెలి పెండ్లికని తలకు పెట్టుకుంది. ఆదోని గాలిలో దుమ్ము మీకు చెప్పాలా? పెండ్లిలో తాళి కట్టే సమయానికి ఆమె జడ మీద కోసిగి ఊరి దాకా ఉన్న మన్నంతా చేరింది. కుంకుడుకాయకు పోలేదు, శీకాయకు పోలేదు. ఖాళీ పీపాల కోసం అయితే కొట్లాటలే. ఊళ్ళో నీళ్ళు వచ్చినరోజు పట్టి పెట్టుకోవడానికి అంత పెద్ద పాత్ర ఇంకేముంటుంది? బూడిదతో నాలుగుసార్లు తోమి, అందులో తాగే నీళ్ళు పోసుకున్నాం.

మీరు నవ్వుతారు. నవ్వండి. పొగలు కక్కే సాంబారును పలచటి కవర్లో కట్టించుకుని, దారం ముడి విప్పుకుంటూ నవ్వండి.

మొదట మేస్త్రి బరువు తగ్గాడు. జుబ్బా భుజాల మీద వేలాడటం మొదలైంది. నీళ్ళకుండ దగ్గరికి, దొడ్డి వైపుకు, మళ్ళీ కుండ దగ్గరికి తిరుగుతూనే ఉండేవాడు. తర్వాత కుడికాలి బొటనవేలి పక్కన మా ఫ్యాక్టరీ చెప్పు పట్టీయే ఒరుసుకుని బొబ్బ లేచింది. అది పగిలి పుండయింది. పసుపు రాశారు, ఆకు కట్టారు. పుండు మానేది పోయి పెద్దదైంది.

ఎమ్మిగనూరులో మా పుట్టింటి వీధి మొదట్లో ఒక డాక్టరు ఉండేవాడు. పుండ్లు మాన్పుతాడని పేరు. మేస్త్రి భార్య నన్ను అడిగింది, "నీ ఊరే గదమ్మా, మాతో రా" అని. ముగ్గురం బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చున్న మేస్త్రి కాలు సీటు మీద పెట్టుకున్నాడు. కండక్టరు ఏదో అనబోయి పుండు చూసి ఊరుకున్నాడు.

"ఈయనకు నాలుకతోనే పని, కాలు దేనికిలే" అని ఆమె నాతో అంది. "ఫ్యాక్టరీలో ఆ నాలుకను అందరూ మొక్కుతారంట గదా. ఇంట్లో కూరలో ఉప్పు ఏసినానో లేదో తెలీదమ్మా ఈయనకు. నిన్న ఉప్పు లేని పప్పు తిని శానా బాగుండాదన్నాడు."

"పెండ్లాం సేతి కూర బాగలేదని ఎవరంటారు?" అన్నాడు మేస్త్రి కిటికీలోంచి చూస్తూ.

"ముప్పై ఏండ్ల నుంచి అంటానే ఉంటివి గదా. ఈ మధ్యనే ఆపినావు."

మేం ముగ్గురం నవ్వుకున్నాం. ఆ మాటలో ఉన్న సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

డాక్టరు సన్నగా, పెద్ద కళ్ళద్దాలతో ఉండేవాడు. పుండు చూసి మొహం ముడుచుకున్నాడు. మూత్రం పట్టి తెమ్మన్నాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం కాస్తా పచ్చ అయింది, పసుపు అయింది, చూస్తుండగానే ఇటుక రంగుకు దిగింది.

మేస్త్రి ముందుకు వంగి, "బాగా వచ్చింది సార్ రంగు. ఏం కలిపినారు?" అన్నాడు.

"నేనేం కలపలేదు. నువ్వే కలిపినావు. ఇది చక్కెర" అన్నాడు డాక్టరు. "ఏం పని చేస్తావు?"

మేస్త్రి చెప్పాడు. దాచుకోవడానికేముంది, గర్వంగానే చెప్పాడు. పీపా మూత తీయడం, అరచేయి, బొటనవేలు, నాలుక, అన్నీ చేతులతో చేసి చూపించాడు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎన్నేళ్ళ నుంచి నాకుతున్నావు దాన్ని?"

"ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి సార్."

"నీకు చక్కెర దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను. అది ఒంట్లోకి పోతే ఏం చేస్తుందో నాకు తెలియదు, నేను చదివిన పుస్తకాల్లో లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా నాయనకు ఉండె."

"అదొకటి. తీపి తింటావా?"

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆయన భార్య, "తినడు సార్, తాగుతాడు. పాయసం" అంది.

"అదొకటి. కానీ ఒకటి మాత్రం తెలుసు. తిండి కానిది నోట్లో పెట్టుకోకూడదు. చిన్నపిల్లలకు చెప్పే మాట నీకు చెప్తున్నా. ఇకమీదట ఆ నూనె నోటికి తగిలితే, చేతికి తగిలితే, నా దగ్గరికి రావద్దు. ఈ పుండు మానకపోతే వేలు తీయాలి. అప్పుడూ మానకపోతే ఎంతవరకు తీయాలో కర్నూలు పెద్దాసుపత్రిలో చెప్తారు."

తిరుగు బస్సులో ఎవరం నవ్వలేదు. ఆదోని దగ్గర పడ్డాక మేస్త్రి ఒక్క మాటన్నాడు. "నాలుక తీసేసినాక సావుకారు నన్ను దేనికి పెట్టుకుంటాడు మ్మే?"

నేను టికెట్టును మడుస్తూ విప్పుతూ కూర్చున్నాను. మామూలుగా నాకు జవాబు ముందు పుట్టి, ప్రశ్న తర్వాత పుడుతుంది.

ఆ డాక్టరు అంతటితో వదిలే మనిషి కాడు. తర్వాతి ఆదివారం దీపం, నీలం మందు, గాజు గొట్టాలు, ఒక కాంపౌండరుతో సహా మా ఫ్యాక్టరీకే వచ్చాడు. అందరినీ పరీక్ష చేస్తానన్నాడు. సావుకారు మొదట మొహం చిట్లించాడు గానీ, ఊరికే చేస్తానన్నాక కుర్చీ వేయించాడు.

ఆ రోజు జరిగిన తమాషా ఇప్పటికీ తలచుకుంటే నవ్వొస్తుంది. మేం రంగుల మనుషులం. రోజంతా ఈ పచ్చ ఎక్కువైంది, ఆ ఎరుపు తక్కువైంది అని కొట్లాడేవాళ్ళం. కాంపౌండరు కాచిన గొట్టాలను కిటికీలో వరుసగా నిలబెడుతుంటే అందరూ గుంపుగా చేరారు.

"ఇది మన ఆడోళ్ళ సెప్పు పట్టీ పచ్చనే గదప్పా."

"కాదు, దాంట్లో పసుపు ఉండాది. పోయిన నెల తిరిగొచ్చిన మాలు ఇట్లే ఉండె."

"నాది సూడన్నా, సుద్దమైన నీలం. ఆకాశం."

"నీకు ఒంట్లో చక్కెర యాడుంటాది? నోట్లోనే లేదు."

పొడుగాటాయన గొట్టం నారింజ రంగులో నిలిచింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కొంచెం మందు పోసి సరి చేయండి సార్" అన్నాడు. డాక్టరు నవ్వు ఆపుకోలేక దీపం ఆర్పేశాడు. తర్వాత నవ్వు ఆపి, మేస్త్రికి చెప్పిందే ఆయనకూ చెప్పాడు. మా ఆడవాళ్ళలో ఒకామెకు పచ్చగా వచ్చింది. మిగిలినవాళ్ళం నీలం. నా గొట్టం నీలంగా ఉందని నేను వీధంతా చెప్పుకున్నాను. చదువు లేకపోయినా పరీక్షలో నెగ్గాను కదా.

పుండు ఎక్కువై మేస్త్రి ఇంట్లోనే పడుకోవలసి వచ్చింది. సరిగ్గా అప్పుడే చెప్పులు చెడిపోయాయి. అచ్చులోంచి తీస్తే అప్పడాల్లా విరిగాయి. కొన్ని మాడు వాసన కొట్టాయి. డోలు దగ్గరివాళ్ళు తీర్పు చెప్పేశారు: మేస్త్రి నాలుక తగలని నూనె పోశాం, ఇంకెట్లుంటాది?

సావుకారు చదువుకున్న మనిషే. కాలేజీ గడప తొక్కినవాడే. ఆయన కూడా అది కాదనకుండా తల పట్టుకుని కూర్చున్నాడు. పత్తికొండ వ్యాపారికి సంత రోజులోపు సరుకు పంపుతానని మాటిచ్చి ఉన్నాడు. బళ్ళారి మెకానిక్కుకు కబురు పెట్టాడు గానీ, అతను వేరే ఊళ్ళో ఉన్నాడు.

మేస్త్రికి ఈ సంగతి ఎవరు మోశారో మోశారు. సోమవారం పొద్దున్నే కాలికి కట్టు కట్టుకుని, కర్ర పట్టుకుని గేటులోంచి వచ్చాడు. కొత్త పీపాలు అప్పుడే దింపి ఉన్నాయి. ఆయన్ను చూడగానే మగవాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఒకరు పీపా మూత కూడా తీసేశారు. కత్తి కింద పెట్టి నేనూ అక్కడికి పోయాను.

"డాక్టరు వద్దన్నాడప్పా" అన్నాడు మేస్త్రి. అన్నాడే గానీ గొంతులో బలం లేదు.

"డాక్టరుకు సెప్పులు సేయడం తెలుసునా?" అన్నాడు పొడుగాటాయన. ఆయనకూ అదే డాక్టరు అదే మాట చెప్పి ఉన్నాడు. అయినా అన్నాడు. "మేం పొయ్యం అన్నా. మల్లా ఇరిగితే మా మీదికే వస్తాది. నువ్వు హూ అంటేనే పోస్తాం."

"కొలత ఉండాది, తక్కెడ ఉండాది. తూచి పోయండప్పా."

"నువ్వు లేని వారం కూడా తూచే పోసినాం. ఏమాయె?"

సావుకారు దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "ఒక్క సుక్క మేస్త్రీ. ఈ ఒక్క దినానికి. రేపట్నుంచి నేనే ఒద్దంటా" అన్నాడు.

మేస్త్రి కర్ర గోడకు ఆనించాడు. చేయి చాచాడు. అరచేతిలో చుక్కలు పడ్డాయి. బొటనవేలితో రుద్దుతున్నాడు. అందరూ చేతులు కట్టుకున్నారు. ఆయన కట్టు మీద అప్పటికే తడి మరక కనబడుతోంది. ఇంతమందిమీ ఆ కాలును చూస్తూనే ఆ చేయి పైకి లేవడాన్ని చూస్తున్నాం.

నేనేదో తెలివిగా ఉపాయం పన్నానని మా మనుమరాలు పాఠంలో చెబుతోందట. అదంతా అబద్ధం. నాకు వచ్చింది ఒకటే ఆలోచన: ఈ పని ఎవరో ఒకరు చేయక తప్పదు, నా గొట్టం నీలంగా ఉంది, నేను చేస్తే పోతుంది కదా. నిజంగా అంతే అనుకున్నాను.

"మేస్త్రన్నా, ఆగు" అన్నాను. "నాకు నేర్పు. ఇంగమీద నేను సూస్తా."

"నువ్వా?" అని ఎవరో నవ్వారు.

"ఏం, నాకు నాలుక లేదా? ఆ సంగతి మీ అందరికీ తెలుసు గదా" అన్నాను. దానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. పీపాలో రెండు వేళ్ళు ముంచాను, మడమలకు రాసుకునే నూనే కదా అనుకుని. "సెప్పు. మంచి నూనె ఎట్లుంటాది? చేదా, వగరా? చెడ్డ నూనె ఎట్లుంటాది? సెప్తే ఆ గుర్తు పెట్టుకుంటా."

మేస్త్రి నన్ను చూశాడు. నా వేళ్ళను చూశాడు.

"సెప్పన్నా. తీపిగా ఉంటే మంచిదా, ఉప్పగా ఉంటే మంచిదా? సరే, నువ్వు సెప్పకుంటే నేనే సూసి సెప్తా, అవునో కాదో నువ్వు సెప్పు" అని వేళ్ళు నోటి దగ్గరికి తెచ్చాను.

ఆయన కాలు నొప్పి మర్చిపోయి ఒక్క అంగలో వచ్చి నా చేతి మీద కొట్టాడు. ఆ దెబ్బకు నూనె నా రవిక మీద చిందింది. ఇన్నేళ్ళలో ఆయన గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే.

"నక్కో మ్మే, వద్దు. దానికి రుచి లేదు."

"లేదంటే?"

"లేదు. ఏ రుచీ లేదు. నీళ్ళకన్నా ఉంటాది, దానికి లేదు. మొదటి దినం నుంచీ లేదు."

మేస్త్రి అరచేతిని తన లుంగీకి తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూస్తేనే నాకు అర్థమైంది, ఇక ఆ చేయి లేవదని.

"సావుకారు ఎట్లుండాదని అడిగినాడు," అన్నాడు ఆయన, ఎవరి వైపూ చూడకుండా. "రుచి తెలియలేదంటే నా నాలుక పోయిందంటారని బాగుండాదంటిని. మరుదినం మల్లా అడిగిరి. మీరంతా సేతులు కట్టుకుని నిలబడితిరి. ఇంగెట్ల సెప్పేది? రోజూ కండ్లు మూసుకుని, ఈ దినమన్నా ఏదన్నా రుచి తెలుస్తాదేమోనని సూస్తాంటి. తెలియలేదు. ఇప్పుడు మా ఇంట్లో పప్పులో ఉప్పు కూడా తెలియడం లేదు."

చివరికి పొడుగాటాయన గొంతు సవరించుకుని, "అట్లయితే అన్నా, ఇన్నేండ్లు మేం దేనికి నిలబడి ఉంటిమి?" అన్నాడు.

"నేనూ అదే అనుకుంటాంటిరా."

మొదట ఎవరు నవ్వారో తెలియదు. ఆ నవ్వు గోడల దాకా పాకింది. పొడుగాటాయన నేల మీద కూర్చుని నవ్వాడు. "నేను రెండు సుక్కలు ఎక్కువ నాకితి గదా, నాకూ తెలియలేదు. నాకు ఇంగా నేర్పు రాలేదనుకుంటి" అన్నాడు. పక్కనున్న ఒక్కొక్కరూ ఒప్పుకోవడం మొదలుపెట్టారు. అందరూ తలలు ఊపినవాళ్ళే. ఒక్కరికీ ఏమీ తెలియలేదు.

సావుకారు నవ్వలేదు. ఆయన మొహం ఎర్రబడింది. "మరి మన నూనె మిల్లులో?" అని అడిగాడు. ఆయనకు ఏళ్ళ తరబడి అమ్మిన నూనె అంతా కళ్ళ ముందు తిరిగి ఉంటుంది.

"అది శనక్కాయ నూనె సావుకారీ," అన్నాడు మేస్త్రి, మొదటిసారి తల ఎత్తి. "దానికి రుచి ఉండాది. ఆడ నేను ఒక్క దినం కూడా తప్పు సెప్పలేదు."

సావుకారు కాసేపు ఆయన కాలి కట్టును చూశాడు. "నాలుక ఉద్యోగం పోయింది మేస్త్రీ" అన్నాడు. నేను కలగజేసుకోబోతే చేత్తో ఆపాడు. "రేపట్నుంచి ఒక కుర్చీ ఏస్తా. కూర్చోని కలిపే పనంతా కండ్లతో సూస్కో. ఎవడన్నా ఆ నూనె నోట్లో పెట్టుకుంటే నీ కర్రతో ఎయ్యి. మొదట ఈ పొడుగోన్ని ఎయ్యి."

ఆ రోజు తూచి, పోసి, కలిపారు. అయినా చెప్పులు మళ్ళీ విరిగాయి. మధ్యాహ్నానికి బళ్ళారి మెకానిక్కు దిగాడు. యంత్రంలో వేడి చూపించే ముల్లు ఒక చోటే ఇరుక్కుపోయి ఉంది. లోపల వేడి ఎక్కడో ఉంది, ముల్లు ఇంకెక్కడో చూపిస్తోంది. దాన్ని మార్చాక వచ్చిన మొదటి చెప్పును మడమ నుంచి మునివేళ్ళ దాకా మడిచి చూశాం. విరగలేదు. పత్తికొండ సరుకు ఒక రోజు ఆలస్యంగా పోయింది. ఏ సంతా ఆగిపోలేదు.

ఆ తర్వాత కొన్ని మారాయి. పీపా నుంచి నూనె తీసే చోట సబ్బు, తొట్టి పెట్టించాడు సావుకారు. రొట్టె బయటి వసారాలో తినాలన్నాడు. ఖాళీ పీపాలు ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదని వాటికి అడుగున బెజ్జాలు కొట్టించాడు. ఆ రోజు ఆయన్ను తిట్టినన్ని తిట్లు నేను నా అత్తను కూడా తిట్టలేదు. మా ఇంట్లో ఉన్న పీపాను మాత్రం నీళ్ళు ఒంపేసి, కట్టెలు పెట్టుకోవడానికి వాడాను.

మా మనుమరాలు ఇప్పుడు చెబుతోంది. ప్లాస్టిక్కును మెత్తబరిచే రసాయనాల్లో కొన్ని, కడుపులోకి పోయాక ఒంట్లోని గ్రంథుల పనిలో వేలు పెడతాయట. చక్కెరను అదుపులో ఉంచే ఏర్పాటును చెడగొడతాయేమోనని, చక్కెర జబ్బు వచ్చే అవకాశం పెంచుతాయేమోనని పెద్ద చదువులవాళ్ళు అనుమానిస్తున్నారట. మావాళ్ళు నాకిన నూనె అదే జాతిదట. అంతమాత్రాన మేస్త్రికి దానివల్లే వచ్చిందని నేను రాయను. తండ్రికి ఉంది, పాయసం ఉంది, నూనె ఉంది. ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పేవాళ్ళు ఆ రోజు లేరు, ఈ రోజూ ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆ డాక్టరు కూడా తెలియదనే అన్నాడు. తెలియదంటూనే వద్దని చెప్పాడు. రేపు మీరు నర్సులయ్యాక మీకూ చాలా తెలియవు. అప్పుడు కూడా వద్దని చెప్పడానికి వెనకాడకండి. వేడి అన్నం ప్లాస్టిక్కు డబ్బాలో పెట్టుకుని వచ్చి మాత్రం చెప్పకండి.

మేస్త్రి కుర్చీలో కూర్చున్నాడు. పాయసం మానేశాడు, మాత్రలు మింగాడు, కొర్రన్నం తిన్నాడు. నెలకోసారి మేం ముగ్గురం ఎమ్మిగనూరు బస్సు ఎక్కేవాళ్ళం. పుండు చాలా నెమ్మదిగా, అంచుల నుంచి లోపలికి మానుతూ వచ్చింది. వేలు తీయలేదు. చివరి కట్టు విప్పిన రోజు డాక్టరు ఆ కాలును చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ చూశాడు. వట్టి కాళ్ళతో నడవొద్దన్నాడు. మా ఫ్యాక్టరీ చెప్పులు మాత్రం ఆ కాలికి తగలనివ్వొద్దన్నాడు, మళ్ళీ ఒరుసుకుంటుందని. మెత్తటి తోలుతో కుట్టించుకోమన్నాడు.

అలా మా ప్లాస్టిక్కు చెప్పుల ఫ్యాక్టరీ మేస్త్రి తోలు చెప్పులు వేసుకుని పనిలోకి వచ్చాడు. ఆ చెప్పులు కిర్రు కిర్రుమంటూ ఆయన రాకను అందరికీ చాటేవి. సావుకారు మొదటి రోజు చూసి నీళ్ళు నమిలాడు. "మంచిదే మేస్త్రీ. బేరగాళ్ళు వచ్చినప్పుడు మాత్రం కాళ్ళు కుర్చీ కిందికి పెట్టుకో" అన్నాడు.

ఒకరోజు పత్తికొండ వ్యాపారి కొత్త సరుకు చూడటానికి వచ్చాడు. భారీ మనిషి, మాట గట్టిది. చెప్పులు మడిచి చూశాడు, వాసన చూశాడు, సంతోషించాడు. సావుకారు టీ తెప్పించాడు. మేస్త్రి కాళ్ళు కుర్చీ కిందే ఉన్నాయి. అయితే వ్యాపారి చేతిలోంచి ఒక చెప్పు జారి కింద పడింది. దాన్ని తీసుకోవడానికి వంగి అక్కడే ఆగిపోయాడు.

"ఏం మేస్త్రీ," అన్నాడు పైకి లేస్తూ, "ఊరికంతా ప్లాస్టిక్కు సెప్పులు సేస్తావు, నువ్వేమో తోలువి ఏసుకుంటివే? ఏంటికట్ల?"

సావుకారు టీ గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది. అంచులు కోసే మా ఆడవాళ్ళ కత్తులు కూడా ఆగిపోయాయి. మేస్త్రి గడ్డం నిమురుకున్నాడు. ఎవరి మీదా కోపం లేని మొహంతో, చల్లగా చెప్పాడు.

"కలిపేటోన్ని నేనే గదప్పా."